చెప్పని రుసుములుగల ఒడంబడికలు: వానినుండి బయటపడు మార్గము

ధాన్యము కొలుచునపుడు మన రైతు కుంచముమీద కన్నుంచును. పత్తి తూచునపుడు కాటా ముల్లుమీద కన్నుంచును. కాగితముమీద సంతకము చేయునపుడు మాత్రము కాగితమును చూడక, దానిని తెచ్చినవాని ముఖమును చూచి సంతకము చేయును. కొలతలో పోయినది ఆ పంటతో తీరిపోవును. కాగితములో పోయినది అయిదేండ్లు, ఏడేండ్లు వెంటాడుచుండును.

ట్రాక్టరునకై గాని, కోత యంత్రమునకై గాని, పాడిపశువులకై గాని అప్పు తెచ్చుకొన్న రైతులు పలువురు తమ కాగితములను మాకు చూపుచుందురు. అందు తరచుగ వినవచ్చు ఫిర్యాదు వడ్డీ హెచ్చనుట కాదు; "మాతో చెప్పిన దొకటి, పట్టుకొన్న దింకొకటి" యనుటయే. మంజూరైన మొత్తము పూర్తిగ చేతికి రాలేదు. ఎన్నడును అడుగని బీమా పాలసీ యొకటి ఇంటికి వచ్చినది. యంత్రమునకు అయిదేండ్ల మరమ్మతు కార్డు నొకదానిని అంటగట్టి, దాని ఖరీదును అప్పులోనే కోసికొనిరి. ముందుగ తీర్చివేసెదమన్నచో మరియొక రుసుమును కోరిరి. "ఇప్పు డేమి చేయగలము? సంతకము చేసితిమి గదా!" అని వారందురు. సంతకముతో అంతయు ముగిసిపోలేదు. అట్లని సంతకమునకు విలువ లేదనుకొనుటయు పొరపాటే. ఈ రెంటి నడుమ రైతున కెంత దారి కలదో ఇచ్చట తెలుప దలచితిమి.

మొదట లెక్క చూతము. రుసుము దాగి యుండుటకు అనువైన చోటు లెక్కయే. ఒక రైతు ట్రాక్టరునకై 5,00,000 రూపాయల అప్పు తీసికొన్నాడనుకొందము. "నూటికి 9 వంతున వడ్డీ, అయిదేండ్ల గడువు" అని ఏజెంటు నోటితో చెప్పెను. ఇది ఫ్లాటు వడ్డీ యని మాత్రము చెప్పలేదు. ఫ్లాటు వడ్డీ యనగా, అసలు ఎంత తీరినను తీరకున్నను, తుదివరకు మొదటి మొత్తముమీదనే వడ్డీ కట్టుట. ఏటికి 45,000 చొప్పున అయిదేండ్లకు వడ్డీ 2,25,000 రూపాయలు. అసలుతో కలిసి 7,25,000. దానిని 60 నెలలకు పంచగా నెలకు 12,083 రూపాయల చిల్లర. కడపటి నెలలో రైతు బాకీ పండ్రెండువేలకు మించి యుండదు. అయినను ఆ నెలలో గూడ అయిదు లక్షలమీది వడ్డీ, అనగా 3,750 రూపాయలు, అతనినుండి రాబట్టుచున్నారు. తగ్గుచున్న నిలువమీద లెక్క వేసినచో ఈ 9 వంతు వడ్డీ నూటికి సుమారు 15.7 వంతు లగుచున్నది.

ఇంతలో కోతలు వచ్చును. ప్రాసెసింగు ఫీజు 7,500. కాగితముల ఖర్చు 3,000. అప్పు తీసికొన్నవాని ప్రాణమునకు బీమా 14,500. మరమ్మతు కార్డు 7,000. వెరసి 32,000 రూపాయలు. ట్రాక్టరు కొట్టువానికి చేరినది 4,68,000 మాత్రమే. తక్కిన సొమ్మును రైతు ఇంటినుండి తెచ్చి పూడ్చవలసినదే. కిస్తులు మాత్రము అయిదు లక్షలకే నడచును. ఈ కోతలన్నిటిని చేర్చి లెక్కించినచో అసలైన వడ్డీ నూటికి 18.8 వంతులకు దగ్గరగ తేలును. తొమ్మిది యని విన్నవాడు పందొమ్మిదికి దగ్గరగ కట్టుచున్నాడు. ఈ అంకెలు మేము ఉదాహరణమునకు తీసికొన్నవే గాని ఏ యొక్క కంపెనీవియు కావు. కాని తమ కాగితమును ఎదుట పెట్టుకొని ఇదే తీరున లెక్క వేసి చూచుకొన్న రైతులకు ఆశ్చర్యము కలుగకపోదు.

ఇట్టి దాపరికమును అరికట్టుటకై భారత రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15వ తేదీన ఒక ఉత్తరువు చేసినది. 2024 అక్టోబరు 1 మొదలు వ్యక్తులకును చిన్న పరిశ్రమలకును క్రొత్తగా మంజూరగు కాలబద్ధపు అప్పు లన్నిటికిని, ఒప్పందమునకు ముందుగనే, కీ ఫాక్ట్స్ స్టేట్‌మెంట్ అను ముఖ్యాంశముల పత్రమును అప్పు తీసికొనువాని కీయవలెను. ఇది బ్యాంకులకును, సహకార బ్యాంకులకును, ఫైనాన్సు కంపెనీలకును గూడ వర్తించును. ఆ పత్రము అప్పు తీసికొనువానికి తెలిసిన భాషలో నుండవలెను. అందలి సంగతులను అతనికి వివరించి, తెలిసినట్లు అతనిచేత ఒప్పుదల వ్రాయించుకొనవలెను. కోతలతో సహా తేలు వార్షిక శాతపు రేటును అందు చూపవలెను. బీమా వంటివి మూడవవారి తరఫున వసూలు చేయుచున్నచో అవియు ఆ రేటులో చేరవలెను. వాని రసీదులను రైతున కీయవలెను. ఏడు దినములకు తక్కువగాని గడువుగల అప్పులకు, పత్ర మిచ్చిన తరువాత కనీసము మూడు పనిదినములవరకు ఆ షరతులు నిలిచి యుండవలెను. "నేడే సంతకము చేయుడు, రేపు రేటు మారును" అని తొందరపెట్టు ఏజెంటునకు ఇదియే సమాధానము. ఆ మూడు దినములు రైతు ఇంటిలో చదువుకొనుటకును, చదువు వచ్చినవారిచేత చదివించుకొనుటకును ఏర్పడినవి.

అన్నిటికంటె ముఖ్యమైన వాక్య మా ఉత్తరువులో నింకొకటి కలదు. ముఖ్యాంశముల పత్రమునందు పేర్కొనని ఏ రుసుమును గాని, అప్పు తీసికొన్నవాని స్పష్టమైన సమ్మతి లేక, అప్పు నడచు కాలములో ఏ దశయందును వసూలు చేయరాదు. కావున రైతు మొదట చేయవలసినది కోపపడుట కాదు. ఆ పత్రమును వెదకి తీయుట. రుసుము అందున్నదా, లేదా? లేనిచో వాదము దాదాపు అక్కడనే తీరినది. ఉన్నచో, అది తెలియని భాషలో నున్నదా, వివరించక సంతకము తీసికొనిరా యని తరువాత విచారింపవలెను. పత్రమే ఈయలేదన్నచో, లేదని వ్రాతమూలముగ తెలుపుమని కంపెనీని కోరవలెను. పంటఅప్పునకు, అనగా కిసాన్ క్రెడిట్ కార్డు ఖాతాకు, ఈ కాలబద్ధపు అప్పుల నిబంధనను ముడిపెట్టి వాదింపరాదు. దాని తీరు వేరు. అంతకు ముందటి అప్పులవిషయమున ఈ ఉత్తరువు పనికిరాదు గాని, ఫైనాన్సు కంపెనీలు వార్షిక వడ్డీరేటును షరతులను మంజూరు పత్రమున అప్పు తీసికొనువానికి తెలిసిన భాషలో వ్రాసి యీయవలెనను న్యాయవర్తన నియమము చాల ఏండ్లనుండి కలదు.

అప్పును ముందుగ తీర్చుటనుగూర్చియు కొంత తెలిసికొనవలెను. 2025 జూలైలో రిజర్వు బ్యాంకు చేసిన నిబంధనలచొప్పున, 2026 జనవరి 1 మొదలు మంజూరైన లేక తిరుగ వ్రాయబడిన మారురేటు అప్పులలో, వ్యాపారము కొరకు గాక వ్యక్తులు తీసికొన్నవానికి ముందు చెల్లింపు రుసుము లేదు. వ్యాపారపు టప్పుల విషయమున ఇచ్చువాని తరగతినిబట్టియు మొత్తమునుబట్టియు భేదములు గలవు. స్థిరమైన రేటుగల అప్పునకు రుసుము తీయవచ్చును గాని అది ముఖ్యాంశముల పత్రములో ముందుగ చూపబడి యుండవలెను. ట్రాక్టరు అప్పులు పెక్కు స్థిరరేటువే గనుక ఈ భేదమును మరువరాదు. ఇక కుటుంబపు టేటి రాబడి మూడు లక్షల రూపాయలకు మించని ఇండ్లకు తాకట్టు లేక ఇచ్చు చిన్న అప్పులు, అనగా మన గ్రామములలో స్త్రీల కిచ్చు మైక్రోఫైనాన్సు అప్పులు, 2022 నిబంధనలచొప్పున ఎప్పుడు తీర్చినను ముందు చెల్లింపు దండుగ లేదు. వాయిదా తప్పినచో దండుగను తప్పిన మొత్తముమీదనే వేయవలెను గాని అప్పంతటిమీద వేయరాదు. బీమా మొదలగువానిని పూర్తి సమ్మతితోనే అమ్మవలెను. వాని రుసుమును అప్పు కార్డుమీదనే వ్రాయవలెను. ఇంటి ఆడువారు ఆ కార్డును బియ్యపు డబ్బాలో దాచియుందురు. దానిని తీసి ఒకసారి చదువుడు.

ఇక చట్టము సంతకమునుగూర్చి యేమి చెప్పుచున్నది? 1872వ సంవత్సరపు భారత ఒడంబడికల చట్టమే నేటికిని ఆధారము. స్వేచ్ఛతో నిచ్చిన సమ్మతియే సమ్మతి యని దాని 14వ సెక్షను. మోసముచేత గాని, అసత్యమైన తెలియజేతచేత గాని సమ్మతిని సంపాదించినచో, ఆ ఒడంబడికను రద్దుచేయు హక్కు మోసపోయినవానికి కలదని 19వ సెక్షను. ఇందు రైతులు సామాన్యముగ ఎరుగని విశేష మొకటి గలదు. రద్దు చేయుట యొక్కటే దారి కాదు. ఇష్టమున్నచో ఒడంబడికను నిలుపుకొని, "మీరు చెప్పినది నిజమై యున్నచో నే నే స్థితిలో నుందునో ఆ స్థితిలో నన్ను నిలుపుడు" అని కోరవచ్చును. ట్రాక్టరు కావలెను, అప్పును కావలెను, చెప్పని కోతలు మాత్రము వలదు అను రైతునకు సరిపోవు మార్గ మిదియే.

అప్పు మొత్తమును రద్దు చేయుటలో నున్న చిక్కు 64వ సెక్షనులో తెలియును. రద్దు చేయువాడు తాను పొందిన లాభమును తిరిగి యీయవలెను. అనగా అసలంతయు ఒక్కమారు కట్టవలెను. మరియొకచోట, మన సంఘముననో బ్యాంకుననో, తక్కువ వడ్డీకి అప్పు పుట్టినవాడే ఆ దారి పట్టదగును.

రెండు హద్దులను గూడ చెప్పక తప్పదు. ఊరక మౌనముగ నుండుట ప్రతిసారియు మోసము కాదని 17వ సెక్షనే చెప్పుచున్నది; చెప్పవలసిన విధి యున్నచోట చెప్పకుండుటయే మోసము. పై ఉత్తరువులు అట్టి విధిని ఏర్పరచినవి గనుకనే వాని కింత ప్రాముఖ్యము. సామాన్య శ్రద్ధతో నిజమును కనుగొనగలిగి యుండియు కనుగొననివానికి, అసత్యపు తెలియజేత కారణముగను మౌనము కారణముగను రద్దు హక్కు దొరకదు. తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసి చదివి వినిపించిన రుసుమును "నేను చూడలేదు" అన్నచో ఏ న్యాయస్థానమును వినదు. మరియు రుసుము సంగతి తెలిసిన తరువాత గూడ ఏమియు అనక రెండేండ్లు కిస్తులు కట్టుచు పోయినచో, అతడు దానిని ఒప్పుకొన్నాడని ఎదుటివాడు వాదించును. తెలిసిన వారములోనే అభ్యంతరమును వ్రాతమూలముగ పంపవలెను.

అంటగట్టిన వస్తువులను విడిచించుకొనుట అప్పును విడిచించుకొనుటకంటె సులభము. ప్రాణ బీమా, ఆరోగ్య బీమా పాలసీ ఒక యేడు గాని అంతకు మించి గాని గడువుగలదైనచో, పాలసీ కాగితము చేతికి వచ్చిన దినము మొదలు 30 దినములలోపల దానిని త్రిప్పి పంపు హక్కు 2024వ సంవత్సరపు బీమా నియంత్రణ నిబంధనలవలన అందరికిని కలదు. అప్పటివరకు గడచిన దినములకు తగిన ప్రీమియమును, వైద్యపరీక్ష ఖర్చును, స్టాంపు ఖర్చును మినహాయించుకొని తక్కినది బీమా కంపెనీ త్రిప్పి యీయవలెను. కారణము నిరూపింపవలసిన పని లేదు. కాని బీమా వలదనుటకు ముందు ఇంటిలో నొక మాట ఆలోచించుకొనుట మంచిది. అప్పు పెద్దదై, సంపాదించువా డొక్కడే యైనచో, ఆ బీమా నిజముగ అక్కరకు రావచ్చును. మేము వ్యతిరేకించునది బీమాను గాదు, అడుగక అంటగట్టుటను. ట్రాక్టరునకు మూడవవారి నష్టపరిహారపు బీమా మోటారు వాహనముల చట్టముచొప్పున తప్పనిసరి; దానిని వలదనరాదు. పంటల బీమా విషయమున, ప్రధానమంత్రి ఫసల్ బీమా అమలున నున్న చోట్ల, 2020 ఖరీఫు మొదలు అప్పు తీసికొన్న రైతునకు గూడ అది ఐచ్ఛికమే. వలదన్నవాడు చేరుటకు గడువు తేదీకి ఏడు దినములు ముందుగ బ్యాంకునకు వ్రాసి యీయవలెను.

"బీమా తీసికొననిదే అప్పు మంజూరు కాదు", "మా మరమ్మతు కార్డు కొననిదే ట్రాక్టరు ఈయము" అనుట వేరొక నేరము. ఒక వస్తువును కొనుటకు మరియొక వస్తువును కొనితీరవలెనను షరతును 2019వ సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము నిర్బంధ వ్యాపార పద్ధతి యని పేర్కొన్నది. తెలుపవలసిన సంగతిని బుద్ధిపూర్వకముగ దాచుట సేవాలోపమని కూడ ఆ చట్టమే చెప్పుచున్నది. అది 2020 జూలైనుండి అమలులోనికి వచ్చినది. నష్టమునకు పొంతన లేని దండుగలు, ఒక పక్షము మాత్రమే కారణము లేక రద్దు చేయగల షరతులు, వినియోగదారుని మీద మోపిన అన్యాయపు రుసుములు ఇవన్నియు అందు "అన్యాయపు టొడంబడిక" క్రిందికి వచ్చును. మరమ్మతు కార్డు కాగితమున "ఎట్టి పరిస్థితులలోను సొమ్ము త్రిప్పి యీయబడదు" అని యున్నను అదియే తుదిమాట కాదు. సేవ ఇంకను మొదలు కాలేదన్న సంగతిని, మిగిలిన సంవత్సరముల ప్రమాణమును చూపి, మిగులు సొమ్ము కోరవలెను. రైతు మరమ్మతు చేయించుకొన్న సందర్భము లున్నచో వానికి తగినంత విడిచిపెట్టుట న్యాయము.

"రైతు వ్యాపారి గాని వినియోగదారుడు కాడు" అని కంపెనీ వకీళ్లు వాదింతురు. దీనికి మన ప్రాంతపు రైతులే జవాబు సంపాదించిరి. మొలకెత్తని నాసి విత్తనములనుగూర్చి ఆంధ్రప్రదేశపు రైతులు జాతీయ విత్తన సంస్థమీద వేసిన వ్యాజ్యములలో, 2012 జనవరిలో సుప్రీంకోర్టు రైతు వినియోగదారుడే యని తీర్పు చెప్పెను. ఒడంబడికలో మధ్యవర్తి షరతు ఉన్నంతమాత్రమున వినియోగదారుల ఫోరమునకు పోరాదను వాదమును గూడ తోసివేసెను. ఈ రెండవ భాగము అప్పు కాగితముల విషయమున మిక్కిలి ఉపయోగము. ఫైనాన్సు కంపెనీల కాగితములలో సాధారణముగ, తగవు వచ్చినచో దూరపు పట్టణములో మధ్యవర్తియొద్ద తేల్చుకొనవలెనని చిన్న అక్షరములతో నుండును. నాలుగు వందల మైళ్లు పోలేక రైతు ఊరకుండునని వారి ధీమా. వినియోగదారుల ఫిర్యాదును రైతు తాను నివసించు జిల్లాలోనే వేయవచ్చును. తన బ్రతుకుతెరువునకై, తన చేతితో నడుపుకొను యంత్రము వ్యాపార ప్రయోజనము క్రింద రాదని చట్టమే చెప్పుచున్నది. బాడుగకై నాలుగైదు యంత్రములను కూలివాండ్రతో నడిపించు ఆసామికి మాత్రము ఈ వాదము కష్టము.

చేయరాని పనినిగూర్చి చెప్పి తరువాత చేయవలసినదానిని చెప్పెదము. రుసుము అన్యాయమని కిస్తునే నిలిపివేయరాదు. ఖాతానుండి తమంతట తీసికొనుటకు ఇచ్చిన ఉత్తరువు సొమ్ము లేక త్రిప్పి వచ్చినచో, 2007వ సంవత్సరపు చెల్లింపుల చట్టము 25వ సెక్షనుక్రింద అది చెక్కు త్రిప్పి వచ్చుటతో సమానమైన నేరము కాగలదు. పైగా తప్పిన వాయిదా రైతు పరపతి చరిత్రలో నమోదగును. మరుసటి యేడు వేరొకచోట అప్పు పుట్టదు. ట్రాక్టరును పట్టుకొనిపోవుటకు వారికి సాకు దొరకును. న్యాయము తన వంకనున్న రైతు తానై దానిని ఎదుటివాని చేతిలో పెట్టినట్లగును. కావున వాయిదా కట్టుచునే, "తగవులో నున్న రుసుమునకు ఒప్పుకొనక, అభ్యంతరముతో చెల్లించుచున్నాను" అని వ్రాసి పంపవలెను. ఈ ఒక్క వాక్యము తరువాత ఎంతయో పనిచేయును. వాయిదా తప్పినను, దండుగను వడ్డీలో కలిపి దానిమీద తిరిగి వడ్డీ వేయుటను రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో నిషేధించినది. క్రొత్త అప్పులకు అది 2024 ఏప్రిల్ నుండి అమలులో నున్నది.

మొదట కంపెనీనుండి నాలుగు కాగితములను కోరవలెను: ఒప్పందపు నకలు, ముఖ్యాంశముల పత్రము, మొదటినుండి నేటివరకు ఖాతా లెక్క, కోసికొన్న ప్రతి రుసుమునకును రసీదు. నోటితో అడిగిన "రేపు రమ్ము" అందురు. వ్రాసి యడుగవలెను. ఉత్తరము పొడవుగ నుండనక్కరలేదు. మాదిరి యిది:

"అయ్యా, ఫలానా నెంబరు అప్పులో ఫలానా తేదీన నా మొత్తమునుండి బీమా క్రింద ఇంత, మరమ్మతు కార్డు క్రింద ఇంత కోసికొంటిరి. ఈ రుసుములను అప్పు మంజూరునకు ముందు నాకు తెలియజేయలేదు. ముఖ్యాంశముల పత్రమున ఇవి లేవు. వీనికి నేను సమ్మతింపలేదు. ఫలానా తేదీన ఖాతా లెక్క చూచినపుడే నాకు తెలిసినది. కార్డును ఈ ఉత్తరముతో రద్దు చేయుచున్నాను. ఆ మొత్తములను, వానిమీద నానుండి తీసికొన్న వడ్డీని నా ఖాతాకు జమకట్టి, సవరించిన వాయిదాల పట్టికను పంప గోరుచున్నాను. అంతవరకు కట్టు వాయిదాలు అభ్యంతరముతో కట్టినవిగ గ్రహింపుడు."

పత్రములో రుసుము ఉన్నచో "పత్రమున లేవు" అని వ్రాయరాదు. జరిగినది జరిగినట్లే వ్రాయవలెను. "నాకు తెలియని భాషలో నున్నది, వివరింపలేదు" అనుట నిజమైనచో అట్లే వ్రాయవలెను. ఒక్క అబద్ధము దొరకినచో తక్కిన నిజములకును విలువ పోవును. ఉత్తరమును కంపెనీ శాఖకును, దాని ఫిర్యాదుల అధికారికిని పంపవలెను. 2025లో రిజిస్టరు పోస్టు స్పీడు పోస్టులో కలిసిపోయినది గనుక స్పీడు పోస్టులో రిజిస్ట్రేషను కోరి పంపి, రసీదును, చేరినట్లు తపాలావారి దాఖలాను నకలుతో కలిపి దాచవలెను. ఏజెంటుతో సెల్‌ఫోనులో నడచిన సందేశములను చెరిపివేయరాదు. "ఇవన్నియు మామూలే, సంతకము పెట్టుడు" అని అతడు పంపిన మాటయే కొన్ని సందర్భములలో సాక్ష్యమగును.

ముప్పది దినములలో జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తికరము గాకున్నను, రిజర్వు బ్యాంకు ఓంబుడ్సుమనునకు ఫిర్యాదు చేయవచ్చును. బ్యాంకులకును ఫైనాన్సు కంపెనీలకును కలిపి ఒకే ఓంబుడ్సుమను పద్ధతిని 2021 నవంబరులో నెలకొల్పిరి. ఖర్చేమియు లేదు, వకీలు అక్కరలేదు, ఆలస్యము మాత్రము చేయరాదు. కొన్ని చిన్న ఫైనాన్సు కంపెనీలు దాని పరిధిలోనికి రావు. అట్టివానిమీదను, మరమ్మతు కార్డు అమ్మిన కొట్టుమీదను జిల్లా వినియోగదారుల కమిషనే శరణ్యము. చెల్లించిన ప్రతిఫలము 50 లక్షలవరకు నున్న ఫిర్యాదులు జిల్లా కమిషనులో వేయవచ్చును. 5 లక్షలవరకు రుసుము లేదు. ఇ-జాగృతి అను ప్రభుత్వపు తావులో ఇంటర్నెట్టుమూలముగ గూడ దాఖలు చేయవచ్చును. ముందుగ 1915 నెంబరునకు ఫోను చేసినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమువారు కంపెనీతో మాటలాడి తీర్చుటయు కలదు. ఒక మెలకువ: ఫిర్యాదును "ఈ ఒడంబడిక అన్యాయమైనది, కొట్టివేయుడు" అని వ్రాసినచో అది జిల్లా కమిషను అధికారమునకు మించి రాష్ట్ర కమిషనునకు పోవలసినదగును. "చెప్పక రుసుము కోసికొనిరి, సేవాలోపము, నిర్బంధ వ్యాపార పద్ధతి, సొమ్ము త్రిప్పి ఇప్పింపుడు" అని వ్రాసినచో జిల్లాలోనే విచారణ జరుగును. మాటల భేదమే యైనను రైతునకు రాజధాని ప్రయాణము తప్పును.

మన సంఘములనుగూర్చియు చెప్పకున్నచో ఈ వ్యాసము పక్షపాతమగును. 1904లో ఈ దేశమున సహకార పరపతి చట్టము వచ్చినదే ముందుగ వడ్డీ పట్టుకొని తక్కువ సొమ్ము చేతిలో పెట్టు పద్ధతినుండి రైతును తప్పించుటకు. అట్టి సంఘమే వాటాధనమని, ఇతర ఖర్చులని చెప్పక కోసినచో దానికిని దీనికిని భేదమేమి? అప్పు పంపిణీ దినమున ప్రతి కోతను సభ్యునికి చదివి వినిపించి, పాసుపుస్తకములో విడిగ వ్రాయుట కార్యదర్శి విధి. వాటాధనము సభ్యుని సొత్తే గాని రుసుము కాదని గూడ తెలుపవలెను. సంఘముతో తగవు కలిగిన సభ్యుడు 1964వ సంవత్సరపు సహకార సంఘముల చట్టము 61వ సెక్షనుక్రింద రిజిస్ట్రారుకడకు పోవచ్చును. వినియోగదారుల ఫోరము తలుపును మూసి లేదు. తమిళనాడులోని ఒక వ్యవసాయ పరపతి సంఘపు సభ్యుల వ్యాజ్యమున 2003 డిసెంబరులో సుప్రీంకోర్టు అట్లే తీర్పు చెప్పెను. ఇది వ్రాసినందుకు కొందరు కార్యదర్శులు మామీద కినియవచ్చును. లెక్క సరిగ నున్నవారికి కినుక యేల?

వినియోగదారుల కమిషనునకు ఫిర్యాదు గడువు, కారణము పుట్టిన నాటినుండి రెండు సంవత్సరములు. పాలసీ త్రిప్పుటకు ముప్పది దినములు. ఇవి గడచిన తరువాత మా యొద్దకు వచ్చువారి సంఖ్యయే హెచ్చు. లెక్క చూపించుకొన దలచినవారు ఒప్పందపు కాగితము, ముఖ్యాంశముల పత్రము, పాలసీ వచ్చిన కవరు, దానిమీది తపాలా ముద్ర తేదీ చెడకుండ, కిస్తులు కట్టిన బ్యాంకు పాసుపుస్తకముతో సంఘ కార్యాలయమునకు తీసికొని రావలెను. కవరు పారవేసినవారు పాలసీ ఏ దినమున ముట్టినదో ఇంటిలో విచారించి వ్రాసికొని రావలెను.